సాధన పుస్తకం రాయడం సంగీత విద్యార్థికి మేలా, ఆటంకమా?

ఆలస్య విద్యార్థి:
నలభై దాటాక వయొలిన్ మొదలుపెట్టి, ఇప్పుడు భైరవి రాగంలోని అట తాళ వర్ణం (కృతులకు ముందు నేర్పే అభ్యాస రచన) దగ్గర ఉన్నాను. రెండేళ్లుగా రోజూ సాధన ముగిశాక ఆ రోజు ఏం వాయించానో, ఎంతసేపు వాయించానో, ఎక్కడ తప్పానో ఒక నోటు పుస్తకంలో రాసుకుంటున్నాను. మొన్న మా గురువుగారు ఆ పుస్తకం తిరగేసి, ఇది రాసే పావుగంట జంట వరుసలు (ఒక్కో స్వరాన్ని రెండేసి సార్లు పలికించే తొలి పాఠాలు) వాయించి ఉంటే చెయ్యి కాస్త తిరిగేది కదా అన్నారు. ఆయన మాట తోసిపుచ్చలేను, పుస్తకమూ మానబుద్ధి కావడం లేదు. అనుభవజ్ఞులు మీ అభిప్రాయం చెప్పగలరు.

శ్రుతిపెట్టె:
నేను గాత్రం నేర్పుతాను, మీ గురువుగారితో ఏకీభవిస్తాను. తోడి రాగంలో గాంధారాన్ని, అంటే 'గ' స్వరాన్ని, కాగితం మీద సాధారణ గాంధారమనే రాస్తాము, కానీ పాడేటప్పుడు అది ఒకచోట కుదురుగా నిలబడే స్వరం కాదు. ఆ ఊగును చెవి పట్టుకోవాలి, గొంతు పలికించాలి. "ఈరోజు గాంధారం కుదరలేదు" అని రాసుకున్న పిల్లకు ఎందుకు కుదరలేదో ఆ వాక్యం చెప్పదు, పైగా రాశాం కాబట్టి పని అయిపోయిందన్న తృప్తి మాత్రం మిగులుతుంది. గంటల లెక్క రాసేవారి సంగతి మరీ విడ్డూరం. ఆ అంకె తగ్గకూడదని అపశ్రుతిలోనైనా సరే ఇంకో అరగంట లాగిన వారిని చూశాను.

వీణాభ్యాసి:
రాత మన సంప్రదాయానికి పరాయిదేమీ కాదు. సుబ్బరామ దీక్షితులు గారి సంగీత సంప్రదాయ ప్రదర్శిని అనే కృతుల గ్రంథం 1904లో ఎట్టయపురంలో తెలుగు లిపిలోనే అచ్చయింది. గమకాలకు (స్వరాన్ని ఊపే, జార్చే తీరులకు) ప్రత్యేకమైన గుర్తులు కూడా అందులో వాడారు. అంతటివారు కాగితాన్ని నమ్మినప్పుడు మనకెందుకు అంత చిన్నచూపు?

శ్రుతిపెట్టె:
అది కృతుల పాఠం ముందుతరాలకు చెడకుండా అందాలని చేసిన మహత్కార్యం. ఇక్కడ అడుగుతున్నది తన సాధన గురించి తాను రాసుకోవడం. రెండింటినీ ఒకే గాట కట్టకండి.

వీణాభ్యాసి:
ఒప్పుకుంటాను, ఆ ఉదాహరణ ఇక్కడ అతకలేదు. అయితే పాఠం వారానికి ఒక్కసారే జరుగుతున్న ఈ రోజుల్లో, మిగిలిన ఆరు రోజులూ మన తప్పులు వినేవారెవరు? గురుకులవాసంలో శిష్యుడి సాధన పక్కగదిలో ఉన్న గురువు చెవిన పడేది కాబట్టి పుస్తకం అవసరం ఉండేది కాదు. నా మటుకు నేను గంటలు రాయడం మానేసి, చెయ్యి తడబడిన వీణ మెట్టును, అప్పుడు వాయిస్తున్న కాలాన్ని (వేగాన్ని) మాత్రమే రాస్తాను. ప్రశ్న అడిగినవారు తమ పుస్తకంలో గత నెల పుటలు ఒక్కసారి వరసగా చదివి చూస్తే బాగుంటుంది.

ఆలస్య విద్యార్థి:
చదివాను. రెండేళ్లలో వెనక్కి తిరిగి చదవడం ఇదే మొదటిసారని చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంది. అట తాళానికి పద్నాలుగు అక్షరాలు (లెక్కలు) కదా, అందులో ఐదేసి అక్షరాల లఘువులనే భాగాలు రెండూ నిలకడగానే సాగుతున్నాయి. వాటి తర్వాత వచ్చే రెండేసి అక్షరాల ద్రుతాల్లోకి వచ్చేసరికి, అందులోనూ రెండో కాలంలో, పరుగెత్తుతున్నానని ఒకే మాట వేర్వేరు తేదీల కింద మళ్లీ మళ్లీ కనబడింది. ఆ తొందరలోనే ఆరోహణలో (స్వరాలు పైకి వెళ్లేటప్పుడు) చతుశ్రుతి ధైవతం పడవలసిన చోట వేలు దానికంటే కింది 'ద' అయిన శుద్ధ ధైవతం మీద పడుతోంది. నేను మాత్రం ఇన్నాళ్లూ దాన్ని శ్రుతి దోషమనుకుని వేలి స్థానాన్ని సరిదిద్దుకుంటూ కూర్చున్నాను, అసలు జారుతున్నది తాళం.

శ్రుతిపెట్టె గారన్నట్టు ఆ వాక్యాలు తమంతట తాము నాకేమీ నేర్పలేదు, గంటల లెక్క కూడా ఈరోజుతో ఆపేశాను. పుస్తకం మాత్రం ఉంచుతున్నాను, పూటకు రెండే వరసలు, అవీ పాఠానికి వెళ్లినప్పుడు గురువుగారి ముందు పెట్టడానికి. రేపటికి ఒక్కటే రాసుకున్నాను: ఆ ద్రుతాల స్వరాలను ముందు చేత్తో తాళం వేస్తూ నోటితో పాడాలి, ఆ తర్వాతే కమాను పట్టాలి.