పాత సినిమాని టీవీ నిండా సాగదీసి చూడొచ్చా, నల్ల పట్టీలు ఉండనివ్వాలా?

మియాపూర్ వాసి:
మా నాన్నగారు తెనాలి నుంచి వచ్చి మూడు వారాలైంది. వయసు 74. మధ్యాహ్నం భోజనం అయ్యాక ఒక పాత సినిమా పెట్టమంటారు. మొన్న నలుపు తెలుపు మాయాబజార్ పెట్టాను. బొమ్మ మధ్యలో ఉండి అటూ ఇటూ నల్ల పట్టీలు రాగానే, "ఇంత డబ్బు పోసి కొన్నావు, ఇటు అర అడుగు, అటు అర అడుగు వదిలేశావేంట్రా?" అన్నారు. రిమోట్ తీసుకుని తెర నిండా చేసేశారు. నాకు మనసు ఒప్పలేదు. మళ్లీ మార్చాను. ఆయన ఏమీ అనలేదు గానీ, కాసేపటికి లేచి లోపలికి వెళ్లిపోయారు. అప్పట్నుంచి బాధగా ఉంది.

నా లెక్క ఇది. 1957 నాటి బొమ్మ వెడల్పు, ఎత్తు కంటే మూడో వంతు కొంచెం దాటి ఎక్కువ, అంతే. ఇప్పటి టీవీ 16:9, అంటే వెడల్పు 16 పాళ్లయితే ఎత్తు 9. దాంట్లోకి సాగదీస్తే ప్రతి మనిషీ ఉన్నదానికంటే ఇంచుమించు మూడో వంతు వెడల్పవుతాడు. ఆ సినిమాలో శశిరేఖ రూపంలో ఉన్న ఘటోత్కచుడిగా సావిత్రి నడిచే నడక చూడండి. ఒళ్లు ఆడపిల్లది, అడుగు రాక్షసుడిది. ఆ తేడా అంతా ఆమె భుజాల్లోనూ అడుగు పడే తీరులోనూ ఉంది. మనిషినే పక్కకి లాగేస్తే ఇంక ఆ నటన ఎక్కడ కనిపిస్తుంది?

నాన్నగారిని నొప్పించకుండా చెప్పాలని ఉంది. అసలు నేను పట్టుబట్టడమే తప్పంటారా?

ఓరుగల్లు:
తప్పే అన్నా. సినిమా ఆయన కోసం పెట్టావు, నీ కోసం కాదు.

మా అమ్మకి రెండు కళ్లకీ శుక్లాల ఆపరేషన్ అయింది. బొమ్మ ఎంత పెద్దగా ఉంటే ఆమెకి అంత సుఖం. దూరదర్శన్‌లో వారానికో తెలుగు సినిమా వచ్చే రోజుల్లో పక్కింటి వాళ్ల చిన్న టీవీ ముందు ముప్పై మందిమి కూర్చునేవాళ్లం. బొమ్మ వంకర్లు పోయేది, చుక్కలు వచ్చేవి, ఒకడు డాబా ఎక్కి యాంటెన్నా తిప్పేవాడు. అయినా అందరం ఏడ్చాం, అందరం నవ్వాం. ఇప్పుడు మా అమ్మ సాగదీసిన బొమ్మ చూసినా సరిగ్గా అప్పుడు ఏడ్చిన చోటే ఏడుస్తుంది. మాట వినబడుతుంది, పాట వినబడుతుంది, మొహం తెలుస్తుంది. పెద్దవాళ్లకి ఇంకేం కావాలి? కొలబద్ద పట్టుకుని సినిమా చూడమనడం నాకు నచ్చలేదు.

బెజవాడ సర్వీస్:
పద్దెనిమిదేళ్లుగా ఇళ్లకి వెళ్లి టీవీలు బిగిస్తున్నాను. బిగించగానే వచ్చే మొదటి కంప్లైంట్ ఈ నల్ల పట్టీలే. "టీవీలో ఏదో ఫాల్ట్ ఉంది, మార్చండి" అన్నవాళ్లూ ఉన్నారు.

ఓరుగల్లు అన్నగారూ, మీరు చెప్పిన ఆ పాత డబ్బా టీవీ తెర 4:3. అంటే పాత సినిమా ఆకారానికి దాదాపు సరిపోయేదే. చుక్కలు వచ్చినా, బొమ్మ ఊగినా, మీ అమ్మగారు ఆరోజు చూసిన మొహం సరైన మొహం. ఇప్పుడు వేలకు వేలు పెట్టి కొన్న టీవీలో కనిపిస్తున్నదే తప్పు మొహం. ఈ సంగతి నాకే చాలా ఏళ్లు తట్టలేదు.

రిమోట్‌లో రెండు రకాలు ఉంటాయి, జనం రెండూ ఒకటే అనుకుంటారు. ఒకటి బొమ్మని పక్కలకి లాగుతుంది. రెండోది జూమ్. అది మొహాన్ని పాడు చెయ్యదు గానీ, పాత సినిమాకి పెడితే ఎత్తులో పావు వంతు కోసేస్తుంది. పైన కిరీటాలు పోతాయి, కింద కాళ్లు పోతాయి. డాన్స్ పాటలో గజ్జెలు వినబడతాయి, పాదాలు కనబడవు. సినిమాస్కోప్ సినిమా బొమ్మ టీవీ తెర కంటే వెడల్పు, దానికి జూమ్ పెడితే కోత పక్కల పడుతుంది, ఇద్దరు ఎదురెదురుగా మాట్లాడుకుంటుంటే చివర ఉన్నవాడు సగమే ఉంటాడు.

కొన్ని ఛానళ్లు వాళ్ల దగ్గరే సాగదీసి వదులుతాయి. అప్పుడు టీవీలో 4:3 పెట్టండి, బొమ్మ మళ్లీ లోపలికి వస్తుంది.

ఇంకో మాట. కొత్త టీవీల్లో కదలికని నున్నగా చేసే సెట్టింగ్ కంపెనీ నుంచే ఆన్‌లో వస్తుంది. సినిమాలో సెకనుకి 24 బొమ్మలు, టీవీ మధ్యలో తనే కొన్ని తయారుచేసి ఇరికిస్తుంది. అందుకే సినిమా సీరియల్‌లా కనిపిస్తుంది. క్రికెట్‌కి ఉంచుకోండి, సినిమాకి తీసేయండి. 2019 తర్వాత వచ్చిన కొన్ని టీవీల్లో ఫిల్మ్‌మేకర్ మోడ్ అని ఉంటుంది, అది ఒక్కటి నొక్కితే ఇవన్నీ ఆగిపోతాయి, ఆకారం కూడా సినిమాదే ఉంటుంది.

పాతరీలు:
నేను 1979 నుంచి గోదావరి జిల్లాలో ప్రొజెక్టర్ ఆపరేటర్‌గా చేశాను. ఇప్పుడు రిటైరయ్యాను. ఈ మాట నాకు చాలా దగ్గరిది, అందుకే కొంచెం ఎక్కువ రాస్తున్నాను.

సినిమాస్కోప్ రీలు చేత్తో పట్టుకుని వెలుగులో చూస్తే మనుషులు వెదురుబద్దల్లా సన్నగా, పొడుగ్గా ఉంటారు. కెమెరా లెన్స్ బొమ్మని పక్కల నుంచి సగానికి నొక్కుతుంది. మా ప్రొజెక్టర్‌కి పెట్టే లెన్స్ దాన్ని రెండింతలు విప్పుతుంది. తెలుగులో తొలి సినిమాస్కోప్ 1974లో వచ్చిన అల్లూరి సీతారామరాజు. ఆ తర్వాత హాళ్లలో రెండు రకాల లెన్సులు ఉండేవి, సినిమాని బట్టి మార్చేవాళ్లం. ఒకసారి మార్నింగ్ షోకి పాత సినిమా వేస్తూ పొరపాటున స్కోప్ లెన్స్ ఉంచేశాను. తెర మీద మనుషులు అడ్డంగా వచ్చారు. అర నిమిషం కాలేదు, నేల టికెట్ నుంచి ఈలలు, కేకలు. బాల్కనీ వాళ్ల కంటే ముందు నేల వాళ్లే లేచారు. చేతులు వణుకుతూ లెన్స్ మార్చాను. ఆరోజు రూపాయి ఇచ్చి నేల మీద కూర్చున్న మనిషి ఒప్పుకోని బొమ్మని ఇప్పుడు ఇంట్లో సోఫాలో కూర్చుని ఎలా ఒప్పుకుంటున్నామో నాకు అర్థం కాదు.

నల్ల పట్టీ గురించి. హాల్లో తెర అంచుల వెంట నల్లగుడ్డ ఉండేది. పాత సినిమాకి దాన్ని దగ్గరికి లాగేవాళ్లం, స్కోప్‌కి పక్కలకి జరిపేవాళ్లం. పరదా అలా జరుగుతుంటే జనం చప్పట్లు కొట్టేవాళ్లు. ఆ గుడ్డని చూసి తెర వేస్ట్ అయిందని ఎవరూ అనలేదు, ఎందుకంటే హాలు చీకటి, గుడ్డ కనిపించదు. మీ ఇంట్లో మధ్యాహ్నం కిటికీలు తెరిచి ఉంటాయి. ఆ నల్ల పట్టీల్లో కిటికీ, తిరిగే ఫ్యాను కనిపిస్తాయి. కన్ను అటే పోతుంది. బాబూ, కర్టెన్లు వేసి చూడండి. నాన్నగారి చిరాకు సగం తగ్గుతుంది.

డాలస్ నుంచి:
నాది వేరే గోడు. మా పిల్లలకి 9, 12 ఏళ్లు. నలుపు తెలుపు అంటే లేచి వెళ్లిపోతారు. 2010 జనవరిలో రంగులు వేసి విడుదల చేసిన మాయాబజార్ పెడితే కూర్చున్నారు. వివాహ భోజనంబు రెండుసార్లు వెనక్కి తిప్పించారు. చిన్నది ఇప్పుడు ఇంట్లో "అసమదీయులు, తసమదీయులు" అని తిరుగుతుంది. దానికి ఆ మాటలు నేర్పింది రంగుల ప్రింటే. అసలు ఆకారం, అసలు రంగు అని పట్టుబడితే మా పిల్లలకి ఆ సినిమానే ఉండదు. మీరంతా ఆ సినిమా ముందే చూసినవాళ్లు కాబట్టి ఇలా మాట్లాడగలుగుతున్నారు.

పాతరీలు:
అమ్మా, పిల్లలు కూర్చున్నారంటే నాకు సంతోషమే. కానీ ఒక్కటి చెప్పనివ్వండి. ఆ రంగుల ప్రింట్‌ని సినిమాస్కోప్‌కి మార్చారు, నిడివి కూడా తగ్గించారు. చదరానికి దగ్గరగా ఉన్న బొమ్మ అంత వెడల్పు కావాలంటే కొంత కొయ్యాలి, లేదా సాగదీయాలి. ఇంకో దారి లేదు. పైగా ఆ సినిమా కెమెరామన్ మార్కస్ బార్ట్లీ దీపాలు పెట్టింది నలుపు తెలుపు కోసం. లాహిరి లాహిరి పాటలో ఆ వెన్నెల, నీళ్ల మీద తళుకు, మొహాల మీద పడే వెలుగు అన్నీ నలుపుకీ తెలుపుకీ మధ్య ఉన్న బూడిద రంగుల్లోనే ఉన్నాయి. పిల్లలకి కథ తెలిసిపోయింది కదా, ఇప్పుడు ఆ ఒక్క పాట పాత ప్రింట్‌లో చూపించండి. నాలుగైదు నిమిషాలు కూర్చుంటారు.

ఓరుగల్లు:
డబ్బా టీవీ సంగతి బెజవాడ అన్న చెప్పింది నిజమే, నాకు తట్టలేదు. అయినా నా మాట మీద నేను ఉన్నాను. కళ్లు సరిగా కనబడని మనిషికి చిన్న బొమ్మ పెట్టి "ఇదే సరైనది" అనడం మర్యాద కాదు. మీరంతా సినిమా గురించి మాట్లాడుతున్నారు, నేను చూసే మనిషి గురించి మాట్లాడుతున్నా.

మియాపూర్ వాసి:
అందరికీ థాంక్స్. జరిగింది చెప్తాను.

ఓరుగల్లు అన్న మాట నన్ను తాకింది. కొలిచి చూశాను. మా 55 అంగుళాల టీవీలో పాత సినిమా 45 అంగుళాల బొమ్మగా వస్తుంది. అంటే నాన్నగారు అడిగింది న్యాయమే, ఆయనకి నిజంగానే తగ్గింది. ఆయన కుర్చీ పది అడుగుల దూరంలో ఉండేది, ఎనిమిదికి జరిపాను. లెక్క ప్రకారం బొమ్మ ఎత్తు ఇంతకు ముందు తెర నిండా ఉన్నప్పటి కంటే కూడా పెద్దగానే కనబడాలి. కర్టెన్లు వేశాను. ఏమీ చెప్పకుండా మళ్లీ మాయాబజార్ పెట్టాను.

పట్టీల గురించి మాట రాలేదు. శశిరేఖ తెర మీదకి రాగానే, "మొన్న సావిత్రి లావుగా అనిపిస్తే ఇది ఆమె తర్వాతి సినిమా ఏమో అనుకున్నా. కళ్లు పోతున్నాయేమోనని భయమేసింది" అన్నారు. ఆ మాట మొన్న నాతో చెప్పలేదు. ఆయన లేచి వెళ్లిపోయింది అందుకే కావచ్చు.

అన్నా, మీ అమ్మగారికి కూడా కుర్చీ జరిపి చూడండి.

ఓరుగల్లు:
జరుపుతా. కానీ మా అమ్మది మంచం, అది గోడకి ఉంది. టీవీనే జరపాలి. ఆదివారం తమ్ముడొస్తే ఇద్దరం కలిసి స్టాండ్ ముందుకి తెస్తాం. అప్పటిదాకా తెర నిండానే పెడతా.

బెజవాడ సర్వీస్:
స్టాండ్ జరిపేటప్పుడు వెనక వైరు ఒకసారి చూసుకోండి, పొట్టిగా ఉంటే లాక్కుపోతుంది.