12 లక్షల దాకా ట్యాక్స్ లేదు, సరే.. ఆ లక్ష కోట్లు ఎవరి జేబులోంచి పోతున్నాయి?

తుని_తమ్ముడు:
2025 ఫిబ్రవరి 1న నిర్మలా సీతారామన్ గారు 2025-26 బడ్జెట్ చదివిన దగ్గర్నుంచి మా ఆఫీస్ గ్రూపులో ఒకటే పండగ. 12 లక్షల దాకా ట్యాక్స్ జీరో, జీతగాళ్లకైతే స్టాండర్డ్ డిడక్షన్ 75 వేలు కలిపి 12.75 లక్షల దాకా. నాకూ లాభమే, కాదనను. కానీ దీనివల్ల గవర్నమెంట్‌కి తగ్గే ఆదాయం లక్ష కోట్లు అని ఆవిడే స్పీచ్‌లో చెప్పారు, అదే బడ్జెట్‌లో దేశం మొత్తం మీద ఉపాధి హామీకి పెట్టింది 86 వేల కోట్లు, పోయినేడు ఎంతో ఇప్పుడూ అంతే, రూపాయి పెంచలేదు. ఇది కరెక్టేనా? బూతులు లేకుండా మాట్లాడుకుందాం ప్లీజ్.

హైటెక్_శీను:
కరెక్టే బ్రో, నూటికి నూరుపాళ్లు కరెక్టు. బడ్జెట్‌లోకి వచ్చే ప్రతి రూపాయిలో ఇన్‌కమ్ ట్యాక్స్ 22 పైసలు, కంపెనీలు కట్టే కార్పొరేట్ ట్యాక్స్ 17 పైసలు. అంటే అంత పెద్ద పెద్ద కంపెనీలన్నీ కలిసి కట్టేదానికంటే మనలాంటోళ్లం కట్టేదే ఎక్కువ. 2019 సెప్టెంబర్‌లో కంపెనీలకి ట్యాక్స్ 30 నుంచి 22 శాతానికి తగ్గించి ఏడాదికి 1.45 లక్షల కోట్లు వదిలేసినప్పుడు ఇలా ఎవరూ లెక్కలు అడగలేదే? జీతగాడికి ఒక్కసారి ఊపిరి ఆడేసరికి అందరికీ పేదలు గుర్తొచ్చేస్తారు. పైగా ఇదంతా మినహాయింపులు వదులుకుని తక్కువ రేట్లు తీసుకునే కొత్త రెజీమ్‌లో ఉన్నోళ్లకే, హోమ్ లోన్ చూసుకుని పాత రెజీమ్‌లో ఉండిపోయిన నాలాంటోడికి వచ్చింది గుండు సున్నా.

పాలమూరు_ఆడబిడ్డ:
శీనన్నా, కంపెనీలకి ఇచ్చింది తప్పైతే మీకిచ్చింది ఒప్పెట్లైతది? ఒక లెక్క చెప్త చూడు. 12 లక్షలు సంపాయించెటోనికి 80 వేలు మిగుల్తయి, మంచిదే. 25 లక్షలు సంపాయించెటోనికి 1 లక్ష 10 వేలు మిగుల్తయి, అంటే 12 లక్షలోనికన్న 25 లక్షలోనికే లాభం ఎక్కువ. మా అమ్మ కరువు పనికి, అదే ఉపాధి హామీకి పోతది, 2024-25ల రోజుకి 300 రేటు, నూరు దినాలు నిండా చేసినా 30 వేలు. అది కూడా కాయితం మీద రేటే, కొలతలు పెట్టి కట్టిస్తరు గాబట్టి చేతికి వచ్చేది అంతకన్న తక్కువనే. పొద్దుగాల ఆరింటికే చెర్ల పూడిక తియ్యనీకి పోతరు, కూలీల హాజరు చూసే మేట్ ఫోన్ల ఫోటో కొట్టాలె, మళ్ల మధ్యాహ్నం ఇంకో ఫోటో, సిగ్నల్ లేకుంటే కట్ట ఎక్కి ఫోన్ పైకి లేపి నిలబడ్తడు, అది అప్‌లోడ్ కాకపోతే ఆ దినం హాజరే లేనట్టు. 15 దినాల్ల పైసలు పడాలని చట్టంల ఉంది. బకాయిలు మిగిలితే వచ్చే ఏడు కేటాయింపుల నుంచే కోస్తరు, అంటే 86 వేల కోట్లల్ల కొంత పోయినేటి బాకీకే పోతది. పెంచలేదంటే ఉన్నది ఉన్నట్టు కాదు, తగ్గినట్టే.

హైటెక్_శీను:
అక్కా, మీ అమ్మగారి కష్టం కాదనట్లేదు. కానీ జనాల చేతిలో మిగిలిన డబ్బు ఎక్కడికి పోద్ది? బండి కొంటారు, ఫ్రిజ్ కొంటారు, ఫ్యాక్టరీ నడుస్తది, జీఎస్టీ మళ్లీ గవర్నమెంట్‌కే వస్తది. రోడ్లు, రైల్వేల మీద పెట్టే కేపెక్స్ చూడండి, పోయినేడు 11.11 లక్షల కోట్లు అని గొప్పగా చెప్పి రివైజ్డ్‌లో 10.18కి దింపేశారు. గవర్నమెంట్‌కి ఖర్చు పెట్టడమే చేతకానప్పుడు ఆ డబ్బు జనం దగ్గర ఉంటేనే నయం.

పాలమూరు_ఆడబిడ్డ:
కూలికి 300 వస్తే ఆ సాయంత్రమే కిరాణ కొట్ల ఖర్చైతయి అన్నా, సబ్బుకీ బిస్కిటు పుడకీ జీఎస్టీ కట్టుకుంట. 25 లక్షలోడు లక్ష మిగిల్తే మ్యూచువల్ ఫండ్‌ల ఏస్తడు. కొనుగోలు పెరగాలంటే ఎవరికియ్యాలె మరి?

కడప_కారం:
పేదోళ్లకి పప్పు బెల్లాలు పంచితే దేశం బాగుపడేదుంటే ఈపాటికి బాగుపడి ఉండాల. ట్యాక్స్ కట్టేవాడు కూడా మనిషే సామీ.

లెక్కల_మాస్టారు:
మీరంతా జీతగాడు వర్సెస్ కూలీ అని కొట్టుకుంటున్నారు గానీ ఈ లక్ష కోట్లలో అసలు దెబ్బ తగిలే మూడో పార్టీ గురించి ఒక్కరూ ఎత్తలేదు. ఇన్‌కమ్ ట్యాక్స్ అనేది ఢిల్లీ ఒక్కదాని సొమ్ము కాదండీ. కేంద్రం పన్నుల్లో రాష్ట్రాల వాటా తేల్చే 15వ ఫైనాన్స్ కమిషన్ ప్రకారం అందులో 41 శాతం రాష్ట్రాలది. అంటే లక్ష కోట్లు వదిలేశారంటే సుమారు 41 వేల కోట్లు రాష్ట్రాల వాటాలోంచి వదిలేసినట్టు. అందులో ఆంధ్రా వాటా 4.047 శాతం, తెలంగాణది 2.102 శాతం. గుణించుకోండి, ఆంధ్రాకి దాదాపు 1,660 కోట్లు, తెలంగాణకి 860 కోట్లు. చప్పట్లు ఢిల్లీకి, కోత అమరావతికీ హైదరాబాద్‌కీ. అదే పన్ను మీద అదనంగా వేసే సెస్సులు, సర్‌చార్జీలు అయితే రాష్ట్రాలతో పంచుకోనక్కర్లేదు, ఇన్‌కమ్ ట్యాక్స్ మీదున్న వాటిని ముట్టుకున్నారా? లేదు. అత్తసొమ్ము అల్లుడు దానం అంటారే, ఇదే.

తుని_తమ్ముడు:
మాస్టారూ ఈ యాంగిల్ నేను ఏ టీవీ డిబేట్‌లోనూ వినలేదండి బాబూ.

కడప_కారం:
మాస్టారూ రాష్ట్రాలకి 50 ఏళ్లకి వడ్డీ లేని అప్పు 1.5 లక్షల కోట్లు ఇస్తాన్నారు కదా, అది చెప్పరేం? పోలవరానికి 5,936 కోట్లు పెట్టినారు, అదీ చెప్పండి.

లెక్కల_మాస్టారు:
చెప్తానండీ. పోలవరం జాతీయ ప్రాజెక్టు, అది విభజన చట్టం ప్రకారం మనకి రావాల్సిందే, దానం కాదు. ఇక ఆ 1.5 లక్షల కోట్లు అప్పు, వడ్డీ లేకపోయినా అసలు కట్టాలి, అందులో కొంత వాళ్లు చెప్పిన సంస్కరణలు చేస్తేనే. వాటా అంటే అడిగేవాడు ఉండడు, టీచర్ల జీతాలకి వాడుకోవచ్చు, ఆస్పత్రికి వాడుకోవచ్చు. ఈ రెండిటినీ ఒకే గాటన కట్టకండి.

శీను గారికి కూడా ఒక మాట. మొత్తం బడ్జెట్ 50.65 లక్షల కోట్లు, అందులో అప్పు తెచ్చేది 15.69 లక్షల కోట్లు, వడ్డీకే పోయేది 12.76 లక్షల కోట్లు. రాష్ట్రాల వాటా ఇచ్చేశాక కేంద్రం చేతికొచ్చే పన్నుల్లో ఈ వడ్డీయే 45 శాతం. ఇంత వడ్డీ మోస్తూ, లక్ష కోట్లు వదిలేసి, మళ్లీ ద్రవ్యలోటు, అంటే ఆదాయానికి మించిన ఖర్చు, జీడీపీలో 4.8 నుంచి 4.4 శాతానికి దించుతాం అంటున్నారంటే ఎక్కడో నొక్కాలి కదా. ఉపాధి హామీ 86 వేల దగ్గర ఆగిపోయింది అందుకే అని నా అనుమానం. ఇంకో విచిత్రం, ఇంత మినహాయింపు ఇచ్చి కూడా ఇన్‌కమ్ ట్యాక్స్ వసూళ్లు 12.57 నుంచి 14.38 లక్షల కోట్లకి పెరుగుతాయని రాసుకున్నారు, 14 శాతం పైమాటే. కోటి మందిని లిస్టులోంచి తీసేశాం అని చెప్పింది కూడా వాళ్లే.

హైటెక్_శీను:
లోటు తగ్గించడం మంచిదే కదండీ, కోవిడ్ ఏడాది 9.2 శాతానికి పోయింది మర్చిపోయారా. రాష్ట్రాల వాటా పాయింట్ మాత్రం ఆలోచించాల్సిందే, ఒప్పుకుంటా. కానీ దానికి మందు నా ట్యాక్స్ పెంచడం కాదు, సెస్సులు కూడా వాటాలో కలపమని అడగండి, 16వ ఫైనాన్స్ కమిషన్ ఈ 2025లో ఎలాగూ కూర్చుని ఉంది.

పాలమూరు_ఆడబిడ్డ:
దానికి నేను గూడ సంతకం పెడ్త. కానీ ఆ కమిషన్ లెక్క 2026 ఏప్రిల్ నుంచి గదా అన్నా, ఈ ఎండకాలం చెర్ల పనికి పైసలు ఎవరిస్తరు?