డబ్ల్యూపీసీ దర్వాజ జన్మల చెడదంటున్నరు, నమ్మొచ్చా?

మిర్యాలగూడ పిలగాడు:
ఇల్లు కడుతున్నం. కాలువ కింది ఊరు, ఏడాదంతా తేమే. పాతింట్ల వేప దర్వాజలను చెదలు తినేసినయి. దుకాణంల డబ్ల్యూపీసీ (కట్టెపొట్టు, ప్లాస్టిక్ కలిపి చేసిన పలక) చూపెట్టి "జన్మల చెడదు" అన్నరు. నాయిన టేకే పెట్టాలంటడు. ఏం చెయ్యమంటరు?

దేవరకొండ వడ్లాయన:
టేకంటే చేవ ఉన్న టేకు, తమ్మీ. చిన్న చెట్ల తెల్లకట్టె కొంటే చెదలకు పెట్టినట్టే. బాత్రూంలకు మాత్రం నేను గూడ డబ్ల్యూపీసీనే పెడుతున్న.

పాలమూరు రైతుబిడ్డ:
"జన్మల చెడదు" అనుడు తప్పు. అండ్ల కట్టెపొట్టు ఉంటది. ప్లాస్టిక్ దాన్ని మొత్తం కప్పేస్తదని ఒకప్పుడు అందరూ అనుకున్నరు. అమెరికాల, ఫ్లోరిడాల ఉన్న ఎవర్‌గ్లేడ్స్ పార్కుల ఇసొంటి పలకలతోటి వేసిన నడకదారి మీద శిలీంధ్రాలు మొలిచినయని 1998ల పరిశోధకులు రాసిన్రు. పొట్టు సగం దాటితే రేణువుకు రేణువు తగిలి నీళ్లకు తొవ్వ దొరుకుతది. నీళ్లు నిదానంగ పోతయి కాబట్టి లోపల పొడిగనే ఉంటది, పైన కొన్ని మిల్లీమీటర్లే నాని చీకుతది. శిలీంధ్రం తినేది పొట్టును, ప్లాస్టిక్‌ను కాదు.

నల్లగొండ దుకాణదారు:
అన్నా, అది ఎండకు వానకు బయటుండే పలక. మన చౌకట్లు ఎక్కువ పీవీసీ ప్లాస్టిక్‌వి, పొట్టు తక్కువ. ఇన్నేండ్లల్ల చెదలు పట్టినయని నా దగ్గరికి ఒక్కరు గూడ రాలే.

పాలమూరు రైతుబిడ్డ:
పీవీసీ సంగతి ఒప్పుకుంట, ఇంటి లోపలికి అది మంచిదే. కని పొట్టు ఎంత శాతమో అడిగితే చెప్పాలె గదా? జింక్ బోరేట్ అనే మందు కలిపిన్రా లేదా అన్నది గూడ అడగాలె, శిలీంధ్రాన్నీ చెదలనూ ఆపేది అదే. తమ్మీ, పైన నల్లమరకలొస్తే భయపడకు. అది ఉత్త బూజు, కడిగితే పోతది, బలం తగ్గదు. ఇంకో మాట. చెదలు చౌకట్‌ను తినకపోయినా దాని ఎనక గోడ సందుల మట్టిదారి కట్టుకొని పైనున్న కట్టె అల్మారల దాకా పోతయి. మా ఇంట్ల అట్లనే అయింది. చౌకట్ చెక్కుచెదరలే, అమ్మ పట్టుచీరెలు పోయినయి. పునాదిల చెదలమందు కొట్టకుంటే ఏ దర్వాజ పెట్టినా ఒకటే.

మిర్యాలగూడ పిలగాడు:
పునాది అయిపోయింది, బండలు ఇంకా పరవలే. ఇప్పుడు కొట్టొచ్చా?

దేవరకొండ వడ్లాయన:
కొట్టొచ్చు, బండలు పరిచే ముందే గోడల అంచుల పొంటి కొట్టియ్యి. చౌకట్ ఏదైనా సరే, కోసిన కింది కొసకు నిలబెట్టకముందే సీలర్ పూయించు. నేల తేమను గుంజేది ఆ కొసనే. నిలబెట్టినంక అక్కడికి బ్రష్ పోదు.