35 వేలు కట్టి హార్డ్‌వేర్, నెట్‌వర్కింగ్ కోర్సులో చేరమంటారా?

మిర్యాలగూడ కుర్రాడు:
అన్నలకు, అక్కలకు నమస్కారం. బీకాం కంప్యూటర్స్ అయిపోవచ్చింది, ఒక్క సబ్జెక్టు మిగిలింది. కోడింగ్ నా వల్ల కాదని తెలిసిపోయింది. కానీ మా ఊళ్లో ఎవరి సిస్టమ్ ఆగినా నన్నే పిలుస్తారు, విండోస్ లాంటి ఓఎస్ వేసిస్తాను. మొన్న అమీర్‌పేటలో ఒక ఇన్‌స్టిట్యూట్‌లో అడిగితే నాలుగు నెలల కోర్సు, 35 వేలు, జాబ్ గ్యారంటీ అన్నారు. నాన్న వడ్లమ్మిన డబ్బులు ఇస్తానంటున్నాడు. తీసుకోవడానికి చేతులు రావట్లేదు. చేరమంటారా?

పార్క్‌లేన్ పాతకాపు:
తమ్ముడూ, ఆ డబ్బు నాన్న దగ్గరే ఉండనీ. గ్యారంటీ అన్నవాళ్లను ఒక్క మాట అడుగు: ఏ కంపెనీ, ఎంత జీతం, కాగితం మీద రాసిస్తారా అని. ఏమంటారో చూడు.

నేను 2009లో సికింద్రాబాద్ చెనాయ్ ట్రేడ్ సెంటర్‌లో, అదే మన సీటీసీలో, ఓ చిన్న షాపులో చేరాను. నెలకు 3,500. మొదటి రెండు నెలలు ఎస్‌ఎంపీఎస్‌లకు, అంటే సిస్టమ్‌కు కరెంటిచ్చే డబ్బాలకు, బ్లోయర్ కొట్టడం, ర్యామ్ (మెమరీ పట్టీ) కాళ్లు రబ్బరుతో తుడవడం, అంతే. ఓ విత్తనాల షాపు వాళ్ల క్యాబినెట్ తెరిస్తే లోపల ఎలుక గూడు, సగం వేరుశనగ పొట్టే. దీనికా నేను చదివింది అని తిట్టుకున్నాను. కానీ డిస్‌ప్లే రాని సిస్టమ్‌ను ఏ వరసలో చూడాలో చేతికి అలవాటైంది అక్కడే. ముందు కరెంటు. తర్వాత ర్యామ్ తీసి పెట్టడం. తర్వాత పనిచేస్తున్న ఇంకో ఎస్‌ఎంపీఎస్ తగిలించడం. అన్నీ అయ్యాకే మదర్‌బోర్డు మీద అనుమానం. కొత్తవాళ్లు వచ్చీ రాగానే బోర్డు పోయిందనేస్తారు.

మూడో నెలలో ఒకాయన ఫార్మాట్ కొట్టమన్నాడు. పార్టిషన్లన్నీ ఎగరగొట్టి విండోస్ వేసేశాను. డీ డ్రైవ్‌లో ఆయన కూతురి పెళ్లి ఫొటోలు ఉన్నాయట. రికవరీకి నా రెండు నెలల జీతం పోయింది, అయినా సగమే వచ్చాయి. ఆయన ఒక్క మాట అనలేదు, కౌంటర్ ముందు స్టూల్ మీద కూలబడిపోయాడు. తిట్టినా బాగుండేది. అప్పట్నుంచి డేటా కావాలా వద్దా అని అడిగి, జాబ్ షీట్ మీద రాయించి సంతకం తీసుకుంటాను. ఇప్పుడు డిస్క్‌కు తాళం వేసే బిట్‌లాకర్ కూడా చూసుకోవాలి. 48 అంకెల రికవరీ కీ ఎక్కడుందో కనుక్కోకుండా బయోస్‌లో, అంటే విండోస్ రాకముందే తెరుచుకునే సెట్టింగుల్లో, చెయ్యి పెట్టకు.

అలాగని షాపు పనే నమ్ముకొని ఉండిపోకు. చాలా లాప్‌టాప్‌లకు ర్యామ్ బోర్డు మీదే అతికి వస్తోంది, మార్చేదేం లేదు. ఆఫీసుల్లో మాత్రం పని ఉంది. విండోస్ 10కి 2025 అక్టోబరు 14తో మామూలు సపోర్టు ఆగిపోయింది, టీపీఎం 2.0 అనే సెక్యూరిటీ ఏర్పాటు లేని పాత సిస్టమ్‌లకు విండోస్ 11 పద్ధతి ప్రకారం ఎక్కదు. అందుకని ఏడాది షాపు, తర్వాత ఏఎంసీ, అంటే ఆఫీసుల సిస్టమ్‌లకు ఏడాది కాంట్రాక్టు మీద రిపేర్లు, చూసే వాళ్ల దగ్గర ఫీల్డ్ ఇంజినీరు, ఆ తర్వాత డెస్క్‌టాప్ సపోర్టు. నేను ఇలాగే వచ్చాను. 2016లో సీసీఎన్ఏ అనే నెట్‌వర్కింగ్ పరీక్ష రాశాక ఓ ఆసుపత్రిలో నెట్‌వర్క్ చూసే పని దొరికింది. ఏ ప్లస్ అనే హార్డ్‌వేర్ సర్టిఫికెట్‌కు రెండు పరీక్షలు, ఫీజూ ఎక్కువే. నన్నైతే ఏ ఇంటర్వ్యూలోనూ అడగలేదు.

హెల్ప్‌డెస్క్ అక్క:
అన్న చెప్పింది నిజమే, కానీ ఆ మిగిలిన సబ్జెక్టు ముందు పూర్తి చెయ్యి. ఎంత పనొచ్చినా హెచ్‌ఆర్ సర్టిఫికెట్ దగ్గరే ఆపేస్తారు. మా ఇంటర్వ్యూల్లో నేను అడిగే ప్రశ్న ఒకటే: ప్రింటర్ పనిచేయట్లేదని ఫోన్ వస్తే ఏం చేస్తావు? స్పూలర్ (ప్రింట్లను వరసలో పంపే ప్రోగ్రామ్) రీస్టార్ట్ అని టక్కున చెప్పేస్తారు. నీ ఒక్కడికేనా, ఫ్లోర్‌లో అందరికీనా అని ముందు అడిగేవాళ్లు పదిమందిలో ఇద్దరు. సిస్టమ్ ఐపీ అడ్రస్ 169.254తో మొదలైతే, అడ్రస్‌లు పంచే డీహెచ్‌సీపీ నుంచి అడ్రస్ అందలేదని కూడా తెలిసుండాలి. టికెట్లు, అంటే వచ్చిన కంప్లయింట్ల నోట్లు, రాయడానికి చిన్న చిన్న ఇంగ్లిష్ వాక్యాలు చాలు. ఏం చూశావు, ఏం మార్చావు. ‘అయిపోయింది’ అని మూసేస్తే రేపు అదే టికెట్ మళ్లీ నీ నెత్తి మీదికే వస్తుంది. ఇంకోటి, కాంట్రాక్టు మీద తీసుకుంటే పీఎఫ్ కడతారా అని చేరకముందే అడుగు. మొహమాటపడకు.

మిర్యాలగూడ కుర్రాడు:
థ్యాంక్స్ అన్నా, అక్కా. నాన్నకు చెప్పేశాను. సప్లీ ఫీజు కడుతున్నా, రాసేసి సీటీసీకి వస్తా. రాత్రి మా బాబాయి పాత సిస్టమ్ విప్పాను. డిస్‌ప్లే రావట్లేదని రెండేళ్లుగా మూలన పడేశారు. అన్న చెప్పిన వరసలోనే వెళ్లా, ర్యామ్ తుడవగానే వచ్చింది! కానీ ఎన్నిసార్లు టైమ్ సరిచేసినా, స్విచ్ ఆపి వేస్తే మళ్లీ 2009 జనవరి చూపిస్తోంది. బోర్డు పోయిందా అన్నా?

పార్క్‌లేన్ పాతకాపు:
మళ్లీ బోర్డేనా! స్విచ్ ఆపాక ఆ టైమ్‌ను గుర్తు పెట్టుకునేది ఏంటో నువ్వే వెతుకు. నేను చెప్పను.

మిర్యాలగూడ కుర్రాడు:
బోర్డు మీద రూపాయి బిళ్లంత బ్యాటరీ ఉంది. సీఆర్ 2032 అని రాసుంది. వాచీల షాపుకెళ్తున్నా.