రువాండాకు సైన్యం పంపాల్సిందా, వద్దా? (చర్చ)

కాజీపేట జంక్షన్:
ఏప్రిల్ 7 వస్తే నాకు రువాండానే గుర్తొస్తది. 1994లో వంద రోజుల్లో దాదాపు 8 లక్షల మందిని, ఎక్కువగా టుట్సీ తెగ వాళ్లను, హుటూ తెగ తీవ్రవాదులు ఊచకోత కోశారు. ఆయుధాలు దాస్తున్నారని ఐక్యరాజ్యసమితి దళం అధిపతి డలైర్ జనవరిలోనే న్యూయార్క్‌కు రాశాడు. వాటి జోలికి పోవద్దని జవాబొచ్చింది. చంపడం మొదలై రెండు వారాలకు, 2,500 మంది ఉన్న దళాన్ని 270కి కుదించాలని భద్రతా మండలి తీర్మానించింది. పెంచాల్సింది పోయి! సైన్యాన్ని పంపాల్సిందే అంటాను. కాదనేవాళ్లు చెప్పండి.

హంటర్‌రోడ్ సార్:
ఎవరు పంపాలి? ఫ్రాన్సా? జూన్ చివర్లో వచ్చింది కదా. అంతకుముందు ఆ ప్రభుత్వానికే ఆయుధాలిచ్చి, ఆ సైన్యానికే ట్రైనింగ్ ఇచ్చింది. ఫ్రెంచి సైనికులున్న ప్రాంతం నుంచే చాలామంది హంతకులు జైర్‌కు (ఇప్పటి కాంగో) దాటిపోయారు. 2011లో లిబియాకు కూడా జనాన్ని కాపాడతామనే పోయారు. దేశం ముక్కలైంది. సరిహద్దు దాటే హక్కు ఒకసారి ఇస్తే, దాన్ని వాడుకునేది బలమున్నోడే తమ్మీ.

సుబేదారి శ్రీను:
270 కాగితం మీద మాటే. నిజానికి అంతకంటే ఎక్కువ మంది ఉండిపోయారు, ముఖ్యంగా ఘనా సైనికులు. లెక్క సరిగ్గా రాయండి.

కాజీపేట జంక్షన్:
శ్రీనన్నా, తీర్మానంలో ఉన్నది 270. ఘనా వాళ్లు ఉన్నారంటే అది వాళ్ల మంచితనం, మండలిది కాదు.

సుబేదారి శ్రీను:
నేనూ అదే అన్నా. లెక్క తప్పు.

వడ్డేపల్లి వాసి:
2023 జూలై వరదల్లో మా కాలనీ మునిగితే ఎన్ని ఫోన్లు చేసినా పడవ రాలే. పక్క వీధికే రానోళ్లు ఆఫ్రికాకు పోతరా?

కాజీపేట జంక్షన్:
వరద వేరు, ఇది వేరు అన్నా. సార్, ఒక్క సంగతి చూడండి. కిగాలీలో ఒక టెక్నికల్ స్కూల్లో బెల్జియం సైనికులు మకాం వేశారు. వాళ్లున్నారన్న ధైర్యంతో 2,000 మంది దాకా అక్కడ తలదాచుకున్నారు. గేటు బయట మిలీషియా బీర్లు తాగుతూ కాచుకుని ఉంది. ఏప్రిల్ 11న ముందు తెల్లవాళ్లను పంపించారు, తర్వాత సైనికులూ బండ్లెక్కారు. జనం బండ్లకు అడ్డంగా పడుకున్నారు. వాళ్ల చేతుల్లో చావలేం, మీరే కాల్చి పొండని బతిమాలారు. అయినా వెళ్లిపోయారు. బతికి బయటపడ్డ కొద్దిమంది చెప్పిన మాటలివి. వాళ్ల ముందు మీ లిబియా కథ చెప్పగలరా?

హంటర్‌రోడ్ సార్:
కన్నీళ్లు పెట్టించి వాదన గెలవొద్దు. 1971లో మనమూ పోయాం. దాదాపు కోటి మంది శరణార్థుల భారం మీద పడ్డది, పాకిస్తాన్‌ను విడగొట్టే అవకాశమూ దొరికింది. ఉత్త దయతో పోయామా?

కాజీపేట జంక్షన్:
ఎందుకు పోతేనేం? ఢాకాలో చంపడం ఆగింది. సోఫాలో కూర్చుని సూత్రాలు చెప్పడం సులువే సార్. మాది భైరాన్‌పల్లి. 1948 ఆగస్టు 27న బురుజు మీద కాపలా ఉన్నోళ్లను రజాకార్లు, నిజాం పోలీసులు కూల్చేశారు. మా తాత అన్నను ఊరి బయట వరుసలో నిలబెట్టి కాల్చారు. ఢిల్లీ మాత్రం నిజాంతో చేసుకున్న యథాతథ ఒప్పందం పట్టుకుని నెలల తరబడి మాట్లాడుతూ కూర్చుంది. సైన్యం కదిలింది సెప్టెంబర్ 13న. ఇంకో నెల ముందొస్తే మా ఇంట్లో ఆ ఫోటోకు దండ ఉండేది కాదు.

సుబేదారి శ్రీను:
జంక్షన్, ఇక్కడ ఆ సంగతి తేకు.

హంటర్‌రోడ్ సార్:
తేనీ. మా దాదీది ఉస్మానాబాద్ జిల్లా. నీ ఊరికి ఆలస్యంగా వచ్చిన అదే సైన్యం మా దాదీ ఊరి దాకా వచ్చింది. ఆ వెనకే మగవాళ్లను ఏరి చంపారు. చంపింది ఎక్కువగా చుట్టుపక్కల గుంపులే. కొన్నిచోట్ల సైనికులు, పోలీసులు కూడా చేతులు కలిపారని ప్రభుత్వం పంపిన సుందర్‌లాల్ కమిటీయే రాసింది. మొత్తం 27 వేల నుంచి 40 వేల మంది పోయారని వాళ్ల అంచనా. ఆ రిపోర్టును దశాబ్దాలు బయటపెట్టలేదు. ఏటా సెప్టెంబర్ 17న జెండా ఎగరేసేటప్పుడు మా ఇంట్లో తలుపులు వేసుకుంటాం. నేను లిబియా గురించి మాట్లాడుతున్నా అనుకున్నావా?

వడ్డేపల్లి వాసి:
ఇది నాకు తెలియదు సార్.

కాజీపేట జంక్షన్:
సార్, రజాకార్ల పాపం మీ దాదీ ఊరి మీద వేయను. కానీ సైన్యం రాకుంటే మా ఊరు మిగిలేది కాదు. అది కూడా ఒప్పుకోరా?

హంటర్‌రోడ్ సార్:
ఒప్పుకుంటా. వచ్చినోళ్లను లెక్క అడిగే నాథుడెవడని అడుగుతున్నా. రువాండాలో చంపడం ఆపింది ఆర్పీఎఫ్, అంటే టుట్సీల తిరుగుబాటు సైన్యం. తర్వాత కాంగోలో హుటూ శరణార్థులను అదే సైన్యం చంపిందని ఐక్యరాజ్యసమితి నివేదికే చెప్తుంది. శిక్ష ఎవరికి పడ్డది?

కాజీపేట జంక్షన్:
అయితే ఆ స్కూల్లో ఉన్నోళ్లకు జవాబేంది?

హంటర్‌రోడ్ సార్:
అప్పటికే అక్కడున్న దళం కదలొద్దు. చేతిలో తుపాకులున్నాయి, వాడనియ్యాలి. అంతవరకు నీతోనే ఉన్నా. కొత్త సైన్యం దిగాలంటే మాత్రం ఒప్పుకోను.

కాజీపేట జంక్షన్:
డలైర్ 5,000 మంది కావాలన్నాడు. ఉన్నది 2,500. మిగతా సగం ఎక్కడి నుంచి రావాలి సార్, ఆకాశం నుంచా?