ఇరుసా, కదురా? కంప్రెసర్ షాఫ్టుకు తగిన మాట

పాలిటెక్నిక్ పాఠాలను తెలుగు చేస్తున్న సోదరి ఒకరు నిన్న ఇక్కడ అడిగారు: అధిక పీడన కంప్రెసర్‌లో, అంటే వాయువును నొక్కి పీడనం పెంచే యంత్రంలో, తిరిగే షాఫ్టును ‘ఇరుసు’ అని రాయవచ్చా అని. చాలామంది రాయవచ్చన్నారు. ఒక పెద్దాయన సుమతీ శతకంలోని ‘ఇరుసున కందెన పెట్టక పరమేశ్వరు బండియైన పారదు’ అన్న మాటలను సాక్ష్యంగా తెచ్చారు. నేను ఎరువుల కర్మాగారంలో ముప్ఫై ఏళ్లు ఈ యంత్రాల మరమ్మతులోనే గడిపాను. ఆ పద్యం నుంచి కందెనను తీసుకుందాం, ఇరుసును బండికే వదిలేద్దాం అని నా మనవి.

ఎద్దుబండి కిందికి ఒకసారి వంగి చూడండి. ఇరుసు బండికి బిగించి ఉంటుంది, తిరగదు. చక్రం దాని చుట్టూ తిరుగుతుంది, జారిపోకుండా కొసన చీల ఉంటుంది. ఇరుసు పని బరువు మోయడం. రైలుపెట్టె ఇరుసు చక్రాలతో పాటు తిరుగుతుంది కదా అంటారేమో. నిజమే, కానీ అక్కడా దాని పని మోతే. కంప్రెసర్ షాఫ్టు సంగతి వేరు. ఒక కొసన టర్బైన్ తిప్పుతుంటే, ఆ బలాన్ని తన ఒంటి గుండా తీసుకెళ్లి తనపై బిగించిన ఇంపెల్లర్లకు, అంటే వాయువును నొక్కే రెక్కల చక్రాలకు, అందిస్తుంది. యూరియా కోసం కార్బన్ డయాక్సైడ్‌ను సుమారు 150 బార్ల దాకా (మన చుట్టూ ఉన్న గాలి పీడనానికి దాదాపు 150 రెట్లు) నొక్కే యంత్రాల్లో చివరి భాగపు షాఫ్టు నిమిషానికి పదివేల చుట్లు దాటుతుంది. మోసేదానికీ అందించేదానికీ ఒకటే పేరు పెడితే విద్యార్థి మొదటి పాఠంలోనే తప్పుదారి పడతాడు.

తానే తిరిగే సన్నని కడ్డీకి మనకు ఏనాడో పేరుంది: కదురు. తమిళంలో కదిర్, కన్నడంలో కదిరు. రాట్నం చక్రం నెమ్మదిగా తిరుగుతుంటే దారపు మాల కదురును వడివడిగా తిప్పుతుంది. కదురు కాస్త వంగిందా, కొస ఊగుతుంది, పోగు తెగుతుంది. వడికేవారు దాన్ని కంటికి ఎదురుగా పట్టుకుని, వేళ్ల మధ్య దొర్లించి వంకర ఎక్కడుందో పట్టేస్తారు. మేము చేసిందీ అదే. రోటర్‌ను, అంటే ఇంపెల్లర్లతో సహా షాఫ్టును, దిమ్మెల మీద పడుకోబెట్టి, చేత్తో మెల్లగా దొర్లిస్తూ, వంకరను కొలిచే డయల్ గేజి ముల్లును చూసేవాళ్లం. ఆ గేజి మీద ఒక గీత అంటే మిల్లీమీటరులో నూరో వంతు. ముల్లు రెండు మూడు గీతలు కదిలితే ఆ పూట ఇంటికి వెళ్లడం ఆలస్యమే.

ఇంత పట్టింపు ఎందుకో లెక్క వేసి చూపిస్తాను. 300 కిలోల రోటర్, నిమిషానికి 12,000 చుట్లు అనుకుందాం. అమెరికన్ పెట్రోలియం ఇన్‌స్టిట్యూట్ 617 ప్రమాణంలోని సూత్రం ప్రకారం ఒక్కో కొసన ఉండదగిన అసమతౌల్యం (బరువు ఒకవైపు ఎక్కువ కావడం) సుమారు 80 గ్రాము-మిల్లీమీటర్లు. అంటే మధ్య నుంచి 200 మిల్లీమీటర్ల దూరంలో 0.4 గ్రాములు, దాదాపు ఇరవై బియ్యపు గింజలు. అంతటి వేగంలో ఆ గింజలే సుమారు 13 కిలోల బరువై షాఫ్టును గుంజుతాయి. ఇది ప్రమాణం ఒప్పుకున్న హద్దు మాత్రమే. ఇంపెల్లర్ మీద పేరుకున్న మురికి ఒకవైపు పెచ్చుగా ఊడితే ఏమవుతుందో ఊహించుకోండి.

‘క్రిటికల్ స్పీడ్’కు తెలుగేమిటని ఇంకొకరు అడిగారు. ప్రతి షాఫ్టుకూ సహజంగా ఊగే లయ ఒకటుంటుంది. తిరిగే వేగం ఆ లయతో కలిస్తే ఊగు విపరీతంగా పెరుగుతుంది. ఆ వేగాన్ని దాటి నడపడం కుదరదని 1869లో రాంకిన్ అనే ఇంజినీరు రాశారు. ఆ తర్వాత స్వీడన్‌లో లావల్ అనే ఇంజినీరు సన్నని, వంగే షాఫ్టుతో టర్బైన్‌ను ఆ వేగం దాటించి నడిపి చూపారు. దాటాక షాఫ్టు కుదుటపడుతుంది, ఎందుకంటే అది తన బరువు కేంద్రం చుట్టూ తిరగడం మొదలుపెడుతుంది. అది ఎందుకో 1919లో ఇంజినీరు జెఫ్‌కాట్ గణితంతో తేల్చారు. ‘సందిగ్ధ వేగం’ అన్న అనువాదం నాకు నచ్చలేదు, అక్కడ సందేహమేమీ లేదు. ‘గండపు వేగం’ అంటే విద్యార్థికి వెంటనే అర్థమవుతుంది: గండం దాటేది, దాటాక బతికేది. యంత్రాన్ని లేపేటప్పుడు ఆ వేగం దగ్గర ఆగకుండా చకచకా దాటించాలన్న నియమం కూడా ఆ మాటలోనే ఇమిడి ఉంది.

పీడనం పెరిగితే మరో చిక్కు. 1970ల్లో ఉత్తర సముద్రంలోని ఎకోఫిస్క్ చమురు క్షేత్రంలో, వాయువును తిరిగి భూగర్భంలోకి నెట్టే కంప్రెసర్ల రోటర్లు తిరిగే వేగం కంటే తక్కువ లయలో తీవ్రంగా ఊగాయి. దీనికి బరువు తేడా కారణం కాదు. వాయువు కారిపోకుండా ఆపే సీళ్ల సన్నని సందుల్లో దట్టమైన వాయువు సుళ్లు తిరుగుతూ షాఫ్టును పక్కకు నెడుతుంది. అందుకే నేటి రూపకర్తలు షాఫ్టును లావుగా, దాన్ని రెండు కొసలా పట్టి ఉంచే బేరింగుల మధ్య దూరాన్ని తక్కువగా ఉంచుతారు. ఊగును మింగే సీళ్లు, సుడిని ఆపే రెక్కలు పెడతారు.

ఇక కందెన. బండికి ఆముదంలో గడ్డి మసి కలిపి పూసేవారు, అది రాపిడిని తగ్గించేది. ఇక్కడ నూనె అంతకు మించిన పని చేస్తుంది, షాఫ్టును మోస్తుంది. తిరుగుతున్న షాఫ్టు నూనెను తన కిందికి లాక్కుని, మిల్లీమీటరులో కొన్ని వందోవంతుల పొర మీద తేలుతుంది, లోహం లోహానికి తగలదు. కాబట్టి యంత్రం కదలక ముందే నూనె పంపు నడవాలి. కరెంటు పోతే షాఫ్టు పూర్తిగా ఆగేదాకా పైనున్న తొట్టి నుంచి నూనె దిగుతూ ఉండాలి. పద్యం చెప్పింది అక్షరాలా నిజం: కందెన లేకపోతే పరమేశ్వరుడి కంప్రెసరైనా నిమిషంలో బిగుసుకుపోతుంది. పద్యం మొదటి సగం కరణాన్ని మంచి చేసుకొమ్మంటోంది, అది వేరే చర్చ.

ఒక సంఘటన మనసును వదలదు. గోదాములో విడి రోటర్‌ను జర్నళ్ల మీదే, అంటే బేరింగులో కూర్చునే నునుపైన భాగాల మీదే, ఉత్త ఇనుప ఆనికపై పెట్టేశారు. కొన్నేళ్లకు అవసరపడి తీస్తే అద్దంలా ఉండాల్సిన చోట తుప్పు మచ్చలు, గోటికి తగిలే గీత. గోటికి తగిలిందంటే నూనె పొరకూ తగులుతుంది. ఆ జర్నళ్లను సాన పట్టించి తెచ్చేదాకా యంత్రం ఆగిపోయింది. ఆనిక ఎప్పుడూ జర్నళ్లకు దూరంగా, మెత్తని పొర వేసి ఉండాలి. తుప్పు పట్టని పూత ఉండాలి. నెలల తరబడి ఒకే వైపు వాలకుండా అప్పుడప్పుడు తిప్పాలి, వీలైతే నిలువుగా వేలాడదీయాలి.

సోదరీ, పుస్తకంలో ‘షాఫ్టు’ అనే రాయండి, కార్మికుడి నోట ఉన్నది అదే. వివరించేటప్పుడు మాత్రం ‘కదురు వంటిది’ అని ఒక్క మాట చేర్చండి. పొందూరు వైపు వడికేవారు గుంపులో ఉంటే ఒకటి చెప్పండి: వంగిన కదురు కొస ఊగడానికి మీ ఇళ్లలో ఏమంటారు? ‘రన్ ఔట్’ అన్న మాటకు ఇన్నేళ్లుగా తెలుగు వెతుకుతున్నాను.