డ్రైవర్ మీద కేసు కొట్టేశారు, ఇక నష్టపరిహారం రానట్టేనా? (రాబర్ట్ బ్లేక్ కేసు చదివాక వచ్చిన డౌటు)

నాగావళి గట్టు
రాత్రి నిద్ర పట్టక ఫోన్‌లో పాత అమెరికా టీవీ నటుడు రాబర్ట్ బ్లేక్ సంగతి చదువుతూ కూర్చున్నాను. భార్యని చంపాడని కేసు. 2005 మార్చిలో జ్యూరీ నిర్దోషి అంది. అదే ఏడాది నవంబరులో ఇంకో జ్యూరీ, ఆమె చావుకి ఇతనే బాధ్యుడు, ఆమె పిల్లలకి 3 కోట్ల డాలర్లు కట్టాలంది. మనిషీ అతనే, చావూ అదే. ఇదేటి?

ఊరికే అడగట్లేదు. మా నాన్న పైడిభీమవరంలో నైట్ డ్యూటీ దిగి సైకిల్ మీద వస్తుంటే రణస్థలం దగ్గర హైవే మీద లారీ కొట్టింది. మూడేళ్లయింది. పోయిన నెల డ్రైవర్ మీద కేసు కొట్టేశారు. చూసిన సాక్షి ఒక్కడే, టీ కొట్టాయన. బోనెక్కి "చప్పుడు విని తిరిగి చూశాను, లారీ ఉంది, ఎవరు తోలారో చూళ్లేదు" అన్నాడు. ఇప్పుడు ఊళ్లో అందరిదీ ఒకటే మాట, "కేసు పోయింది గదా, ఇన్సూరెన్స్ వాళ్లు ఎంతిస్తే అంత పుచ్చుకోండి" అని. అమ్మ మాత్రం నొక్కుకుపోయిన టిఫిన్ క్యారేజీ ఇంకా అటక మీదే పెట్టుకుంది, కోర్టులో చూపించాల్సి వస్తుందేమో అని.

గంటస్తంభం
తమ్ముడూ, తొందరపడి ఎక్కడా సంతకం పెట్టకు. విజయనగరంలో వకీలు దగ్గర 22 ఏళ్లుగా గుమస్తాని. పోయింది నీ సి.సి. నంబరు కేసు, అంటే డ్రైవర్ మీద పెట్టిన క్రిమినల్ కేసు. ఎం.వి.ఓ.పి., అంటే ప్రమాద పరిహారం కేసు, వేరే ఫైలు, వేరే లెక్క.

డ్రైవర్‌ని జైలుకి పంపాలంటే అనుమానానికి తావు లేకుండా రుజువు కావాలి. పరిహారానికి అంత అక్కర్లేదు. రెండు మాటల్లో ఏది ఎక్కువ నమ్మేటట్టు ఉందో చూస్తారు. ప్రమాదం కేసుల్లో ఇదే కొలత అని సుప్రీంకోర్టు 2009లో బిమలా దేవి కేసులో చెప్పింది. మా ఆఫీసులోనే చూశాను, డ్రైవర్ దర్జాగా ఇంటికి పోయాడు, ఏడాది తిరక్కుండా అదే ప్రమాదానికి పరిహారం కేసులు చూసే ట్రిబ్యునల్ డబ్బు కట్టమని అవార్డు (తీర్పు) ఇచ్చింది.

బ్లాక్ అండ్ వైట్ బాబాయ్
బ్లేక్ పేరు చూసి ఆగాను. ఈయన చిన్నప్పటి నుంచీ కెమెరా ముందే ఉన్నాడు, 'అవర్ గ్యాంగ్' పొట్టి సినిమాల్లో పిల్లవాడు. 1967లో 'ఇన్ కోల్డ్ బ్లడ్' సినిమాలో హంతకుడి వేషం. తర్వాత 'బరెట్టా' సీరియల్లో మారువేషాల పోలీసు, భుజాన తెల్ల కాకటూ చిలక. దానికి 1975లో ఎమ్మీ అనే టీవీ అవార్డు వచ్చింది. తెర మీద ఒకసారి ఉరికంబం ఎక్కాడు, ఇంకోసారి దొంగల్ని పట్టాడు, ఆఖరికి నిజం కోర్టులో ముద్దాయిగా నిలబడ్డాడు. 2023 మార్చిలో 89 ఏళ్లకి పోయాడు.

పలాస జీడి
డబ్బున్నోడు గనక బయటపడ్డాడు. అంతకంటే ఏముంది?

బ్లాక్ అండ్ వైట్ బాబాయ్
అంత తేలిగ్గా కాదమ్మా. బెయిల్ రాకముందు దాదాపు 11 నెలలు జైల్లో ఉన్నాడు. 2001 మే 4న లాస్ ఏంజెలెస్‌లో ఇద్దరూ హోటల్లో భోంచేశారు. ఆమెని కార్లో కూర్చోబెట్టి, మర్చిపోయిన తన తుపాకీ కోసం మళ్లీ లోపలికి వెళ్లానని అతని కథనం. తిరిగొచ్చేసరికి ఆమె తలలో గుండు. నమ్మబుద్ధి కాదు, నాకూ కాదు. కానీ చంపిన తుపాకీ పక్కనే చెత్త డబ్బాలో దొరికింది, అది ఇతను చెప్పిన తుపాకీ కాదు. భార్యని చంపమని మమ్మల్ని అడిగాడన్న ఇద్దరు స్టంట్‌మెన్ మత్తుమందుల అలవాటున్నవాళ్లని డిఫెన్సు చీల్చి చెండాడింది. మీ టీ కొట్టాయన లాగే, కేసు నిలబడాల్సిన చోట సాక్షి నిలబడలేదు.

క్రిమినల్ కోర్టులో బ్లేక్ నోరు విప్పలేదు, అది అతని హక్కు. సివిల్ కేసులో బోనెక్కక తప్పలేదు. అక్కడ 12 మందిలో 10 మంది అతనే అన్నారు. కాలిఫోర్నియా సివిల్ కేసుకి 9 మంది చాలు.

గంటస్తంభం
ఆ బోను సంగతి మనకీ పనికొస్తుంది. పరిహారం కేసులో అవతలి వాళ్లు "మా డ్రైవర్ తప్పు లేదు" అని కాగితం మీద రాసి, ఆ డ్రైవర్ని మాత్రం సాక్ష్యానికి తేరు. తేకపోతే చాలాసార్లు అది వాళ్లకే ఎదురు తిరుగుతుంది. మీ వకీలుకి గుర్తు చెయ్యి.

పలాస జీడి
సరే, ఒప్పుకున్నాను. కానీ ఈ రెండు కొలతలు మా ఇంట్లో అడ్డం తిరిగాయి. మా అన్నయ్య మీద ఆఫీసులో డబ్బు తిన్నాడని కేసు పెట్టారు. కోర్టు కొట్టేసింది, స్వీట్లు పంచాం. ఆఫీసు వాళ్లు మాత్రం "బెనిఫిట్ ఆఫ్ డౌట్ మీద వదిలారు, గౌరవంగా వదల్లేదు" అని ఎంక్వయిరీ కొనసాగించి ఉద్యోగం తీసేశారు. మీకు వరం, మాకు శాపం.

టెక్కలి టైర్
గెలవడం వేరు, చేతికి రావడం వేరు. ఆ బ్లేక్ 2006లో దివాలా పిటిషన్ వేశాడు. 2008లో అప్పీలు కోర్టు 3 కోట్లని సగానికి కోసింది. మా బావకి ఆటో తగిలి కాలు పోయింది. అవార్డు వచ్చింది, కాగితం బీరువాలో ఉంది. ఆటోకి ఇన్సూరెన్స్ లేదు, ఓనరు పేరున సెంటు భూమి లేదు. నాగావళీ, ప్రమాదం రోజుకి లారీ పాలసీ బతికి ఉందా? ముందు అది చూడు.

నాగావళి గట్టు
పాలసీ ఉందట, మా వకీలు చూశారు. మీరంతా చెప్పాక తీర్పు కాగితం మొదటిసారి పూర్తిగా చదివాను. ఇన్నాళ్లూ ఆఖరి పేజీ ఒక్కటే చూశాం. లోపల ఒక చోట, లారీ తగిలే చనిపోయాడన్నది రుజువైంది గానీ ఆ సమయంలో నడిపింది ఈ ముద్దాయేనని రుజువు కాలేదు అని ఉంది.

గంటస్తంభం
అదే కావాలి! స్టీరింగ్ దగ్గర ఎవడున్నా లారీ ఆ ఓనరుదే, పాలసీ ఆ లారీదే. తగిలిందనే మాట తీర్పులోనే ఉంది. దాంతో పాటు ఎఫ్‌ఐఆర్, ఛార్జిషీటు, శవ పంచనామా, పోస్టుమార్టం, ఎం.వి.ఐ. (మోటారు వెహికల్ ఇన్‌స్పెక్టర్) రిపోర్టు అన్నీ ఫైల్లో ఉన్నాయో లేదో చూసుకో. క్యారేజీ అటక మీదే ఉండనీ, దాంతో పని పడదు.

నాగావళి గట్టు
సోమవారం కాపీకి అప్లై చేస్తాను. ఆ లైన్ల కింద ఎర్ర పెన్నుతో గీత పెట్టి ఇవ్వనా వకీలుకి?

గంటస్తంభం
సర్టిఫైడ్ కాపీ మీద గీతలు గీస్తావేంటయ్యా! జిరాక్స్ తీసి దాని మీద గీసుకో.